రాయి పలికిందా, పెట్టె పలికిందా

మా ల్యాబు సారు పోయారన్న కబురు నాకు ఆళ్లగడ్డ నుంచి శిల్పి ఆచారి ఫోనులో చెప్పారు. "సారు పోయినాడమ్మా. ఈ పొద్దు తెల్లారి ఆరింటికి. రేపు పదకొండింటికి మట్టి చేస్తారు," అన్నారు. సరేనన్నాను. ఆయన ఫోను పెట్టలేదు. తర్వాత, "నేనేం చెప్తినో తిరిగి చెప్పమ్మా," అన్నారు.

సారు పోయారు, ఈ ఉదయం ఆరు గంటలకు, రేపు పదకొండు గంటలకు ఖననం. ఒక్కొక్కటే తిరిగి చెప్పాను.

"ఆఁ, సరిపాయ," అని ఆయన ఫోను పెట్టేశారు.

చెప్పిన మాటను ఎదుటివారి నోట తిరిగి చెప్పించుకోవడం ఆచారి అలవాటు కాదు, సారు అలవాటు. ఆయనతో కొంతకాలం మసలినవారికి అది తెలియకుండానే అంటుకునేది. చావు కబురుకు కూడా ఆ పద్ధతి వర్తిస్తుందని ఆ ఉదయం దాకా నాకు తోచలేదు.

సారు నంద్యాలలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకునేవారు. పాఠం చెప్పే లెక్చరర్లు వేరు. సారు పని పరికరాలు అందివ్వడం, తీగలు సరిచూడటం, సాయంత్రం అన్నీ లెక్కపెట్టి బీరువాలో పెట్టడం. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేవారు. నేను అక్కడ చదువుకోవడానికి గడివేముల నుంచి మరో బస్సులో వచ్చేదాన్ని. ఇప్పుడు నంద్యాలలోనే విత్తనాల తేమను కొలిచే పరికరాలు తయారుచేస్తూ బతుకుతున్నాను. పుస్తకాలు నాకు చాలామంది బోధించారు. పని మాత్రం ఆయన ఒక్కరే నేర్పారు.

ల్యాబులో ఆయనది ఒక నియమం. బోర్డుకు కరెంటు ఇచ్చాక ఎవరూ రెండు నిమిషాలపాటు దేన్నీ తాకకూడదు. చేతులు కట్టుకుని నిలబడాలి. చిప్పు మేలుకోవడానికి అంత సమయం అక్కర్లేదని నేను పుస్తకంలో చదివి ఉన్నాను. ఒకరోజు ధైర్యం చేసి ఆ మాట అన్నాను.

"చిప్పుకు రెప్పపాటు చాలమ్మా," అన్నారు సారు. "రెండు నిమిషాలు నీకు."

ఆ రెండు నిమిషాల్లో కళ్లు వాటంతటవే తీగల మీదికి పోయేవి. ఊడిపోయిన తీగ కనిపించేది. కాలుతున్న వాసన ఉంటే తెలిసేది. నేను చేసిన తప్పుల్లో సగం ఆ రెండు నిమిషాల్లోనే దొరికేవి. నేటికీ నా పనిగదిలో కరెంటు ఇచ్చాక చేతులు కట్టుకునే నిలబడతాను.

ఈ జ్ఞాపకమంతా ఒక చిన్న చిప్పు చుట్టూ తిరుగుతుంది కనుక దాని గురించి కొంచెం చెప్పాలి. దాన్ని డిజిటల్ ఫిల్టరు అంటారు. శబ్దాన్ని సంఖ్యలుగా అందుకుని, అక్కర్లేని రొదను తగ్గించి, కావలసినదాన్ని మిగిల్చి పంపుతుంది. ఏది రొద, ఏది కావలసినది అన్నది దానికి సొంతంగా తెలియదు. పక్కనున్న మైక్రోకంట్రోలర్, అంటే గోరంత కంప్యూటరు, దానికి అయిదు సంఖ్యలు చెప్పాలి. ఆ అయిదింటిని బట్టే దాని నడవడి. కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతుంది. మళ్లీ ఇస్తే మళ్లీ చెప్పాలి. ఈ రెండింటి మధ్య మాటలు నడిచేది నాలుగు తీగల మీద. ఒకటి పాటకు వేసినట్టు తాళం వేస్తుంది. ఒకటి మాటను తీసుకుపోతుంది. ఒకటి జవాబు తెస్తుంది. నాలుగోది "నిన్నే" అని పిలుస్తుంది. ఆ పిలుపు లేకుండా ఎన్ని సంఖ్యలు పంపినా చిప్పు వినదు.

సారు మనుషులతో కూడా అలాగే మాట్లాడేవారు. ముందు పేరు పెట్టి పిలిచేవారు. "సార్" అని పలికేదాకా విషయం ఎత్తేవారు కాదు. చెప్పాక, మనం తిరిగి చెప్పాక, "ఇంక పో" అనేవారు. ఆ "ఇంక పో" వినకుండా కదిలినవాళ్లను వెనక్కి పిలిచేవారు. ఆయన మాటల్లో నేను నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నది ఒకటుంది: "రాసినాక చదువు. చదవనిది రాసినట్టు కాదు." చిప్పుకు ఒక సంఖ్య పంపితే, వెంటనే ఆ సంఖ్యను చిప్పు నుంచే వెనక్కి అడిగి, పంపినదీ వచ్చినదీ ఒకటేనా అని చూడాలని దాని అర్థం.

బస్టాండు దగ్గరి హోటల్లోనూ ఇదే పద్ధతి. "రెండు ఉగ్గాని, నాలుగు బజ్జీ, ఒక టీ చక్కెర లేకుండా," అని చెప్పి సారు ఆగేవారు. సర్వరు కదలకుండా నిలబడి పాఠంలా అప్పజెప్పాలి. ఒకసారి ఆ మనిషి విసిగిపోయి, "రెండు ఉగ్గాని, నాలుగు బజ్జీ, టీ ఒకటి చక్కెర లేకుండా. పాసైనానా సారూ, లోపలికి పోవచ్చునా?" అన్నాడు. పక్క బల్లలవాళ్లు నవ్వారు. సారు నవ్వలేదు. "పాసయినావప్పా. ఇంక పో," అన్నారు. టీ వచ్చింది. దానిలో చక్కెర ఉంది. సారు దాన్ని తాగేశారు. తిరిగి చెప్పినంత మాత్రాన సరిగ్గా జరగదన్న సూచన అక్కడే ఉందని తర్వాత చాలాకాలానికి నాకు అర్థమైంది.

సారు రిటైరయ్యాక ఆళ్లగడ్డలోనే ఉండిపోయారు. ఆయన ఇంటికి రెండిళ్ల అవతల ఆచారి శిల్పాల కొట్టం. ఆళ్లగడ్డ దారిలో పోయినవారికి ఆ కొట్టాలు తెలిసే ఉంటాయి. సగం చెక్కిన నందులు, ముఖం ఇంకా రాని దేవతలు, తెల్లని రాతి దుమ్ము. ఆచారి ఆ వీధిలో అందరికంటే పెద్ద పనివాడు. ఏ రాయి తెచ్చినా ముందు సుత్తితో తట్టి వింటారు. లోపల పగులు లేని రాయి గంటలా పలికి, ఆ పలుకు కొంతసేపు నిలుస్తుంది. పగులున్న రాయి మొద్దుగా పలికి వెంటనే ఆగిపోతుంది. ఆయన తట్టి "సరే" అన్న రాయి పగిలిన దాఖలా లేదు. చుట్టుపక్కల శిల్పులు కూడా రాయి ఎంచుకోవాలంటే ఆయన్ను తీసుకుపోయేవారు.

ఆ చెవి మందగించసాగింది. ఉలి చప్పుడులో గడిచిన జీవితం ఒక కారణం. అన్ని కొట్టాల్లోనూ కోత మిషన్లు రావడం రెండో కారణం. ఆ రొదలో సన్నని పలుకు ఆయనకు అందడం లేదు. కొడుకు, "ఇంక రాళ్లు నేను చూసుకుంటాలే నాయనా," అన్నాడట. ఆచారి ఆ మాట సారుతో చెబుతూ, "చెక్కేదానికి చేతులు చాలు సారూ. కానీ రాయి ఎంచలేనోడు ఆచారి యెట్లయితాడు? కూలోడయితాడు," అన్నారట. సారు మరునాడే నంద్యాల బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు.

మేము చేసిన పెట్టె చిన్నది. నాణెమంత పలకను మైనంతో రాయికి అతికించాలి. సుత్తితో తడితే రాయి అదురును ఆ పలక పట్టుకుంటుంది. ఫిల్టరు చిప్పు మిషన్ల రొదను తగ్గించి, రాయి పలికే స్వరాన్ని పెంచి, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోనులోకి పంపుతుంది. పలక, పెట్టె, మైనం సారు తన ఇంట్లోనే సిద్ధం చేశారు. మైక్రోకంట్రోలర్ నుంచి చిప్పుకు ఆ అయిదు సంఖ్యలు పంపే ప్రోగ్రాము నేను రాశాను. పంపిన ప్రతి సంఖ్యనూ తిరిగి చదివాను. అయిదూ సరిపోయాయి.

పరీక్ష ఆచారి కొట్టంలోనే చేశాము. సారు దానికో పద్ధతి పెట్టారు. హెడ్‌ఫోను పెట్టుకున్నవారు పలుకు వినిపించినంతసేపు చెయ్యి పైకెత్తి ఉంచాలి. ఆగిపోయిందనుకున్న క్షణాన దించాలి. సారు గడియారం చూసి ఎన్ని సెకన్లో రాసుకునేవారు. కొట్టంలో ఉన్న రాళ్లన్నిటినీ తట్టాము. అన్నీ బాగా పలికాయి. ఆచారి చెయ్యెత్తి నిలబడి, ఇన్నేళ్ల తర్వాత రాయి తనతో మాట్లాడుతున్నట్టు కళ్లు మూసుకున్నారు.

పగుళ్లున్న రాయి ఒకదాన్ని కూడా తట్టి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. తోచినా ఆ కొట్టంలో దొరికేది కాదు. దెబ్బతిన్న రాయిని దేవుళ్లను చెక్కే చోట ఉంచకూడదన్నది ఆచారి పట్టింపు. పగులు తేలిన రోజే దాన్ని దాటించేస్తారు. కాబట్టి మేము తట్టినవన్నీ మంచి రాళ్లే. మంచి రాళ్లన్నీ మంచిగా పలికాయి. పరీక్ష నెగ్గిందనుకున్నాము.

కొన్నాళ్లకు ఒక ఊరి గుడికి అమ్మవారి విగ్రహం పని వచ్చింది. ఆచారి నల్లరాయిని పెట్టెతో తట్టి ఎంచుకున్నారు. వారాల తరబడి చెక్కారు. ముఖం పూర్తయి, కుడిచేయి తేలుతుండగా భుజం దగ్గర సన్నని గీత కనబడింది. మరునాటికి అది మెడదాకా పాకింది.

సారు పెట్టెను పట్టుకుని నా పనిగదికి వచ్చారు. జరిగింది చెప్పి, "ఆయన ఉలులు గుడ్డలో చుట్టి కొడుకు చేతికిచ్చినాడమ్మా. నా చెవి పోయింది, ఇంక నన్ను రాయి దగ్గరికి పిలవొద్దు అనినాడు," అన్నారు.

"సార్, అయిదు సంఖ్యలూ తిరిగి చదివినాను. సరిపోయినాయి," అన్నాను. నా మొదటి మాట నన్ను నేను కాపాడుకునేది కావడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

సారు మైనం ముద్ద తీసి ఆ పలకను నా చెక్క బల్లకు అతికించారు. హెడ్‌ఫోను నాకిచ్చారు. "చెయ్యెత్తు," అన్నారు. స్క్రూడ్రైవరు పిడితో బల్లను ఒకసారి తట్టారు.

నా చెయ్యి పైకి లేచింది. ఒక సెకను, రెండు, మూడు. చెవుల్లో గంట మోగుతూనే ఉంది. నా చెయ్యి దిగలేదు.

"కట్టె బల్ల గంట మాదిరి పలుకుతాదామ్మా?" అన్నారు సారు.

పలికింది రాయి కాదు. పెట్టె. తప్పుడు సంఖ్యలు అందిన ఆ ఫిల్టరు తానే ఒక గంటగా మారింది. దేన్ని తట్టినా అదే మోగేది.

తప్పు ఎక్కడుందో సారు కాగితం, పెన్సిలు తీసుకుని తీగల మీద నడిచే సంకేతాలను తెరపై ఒక్కొక్కటిగా లెక్కపెట్టి కనుక్కున్నారు. ప్రతి సంఖ్యా చిప్పుకు రెండు ముక్కలుగా వెళ్తుంది, పెద్ద ముక్క, చిన్న ముక్క. ఆ చిప్పు పెద్ద ముక్కను ముందు ఆశిస్తుంది. నేను చిన్న ముక్కను ముందు పంపాను. వెనక్కి చదివేటప్పుడు కూడా అదే వరుసలో అతికించుకున్నాను. ఇరవై అయిదును యాభై రెండుగా రాసి, చదివేటప్పుడు కుడి నుంచి ఎడమకు చదివినవాడి నోటికి ఇరవై అయిదే వస్తుంది. చిప్పు దగ్గర మాత్రం యాభై రెండే ఉంటుంది.

"పంపే భాగం రాసింది ఎవరు?" అన్నారు సారు.

"నేనే సార్."

"చదివే భాగం?"

"నేనే."

"ఇద్దరూ ఒకరే అయితే సాక్షి యాడుండాడమ్మా?"

ఆయన పెన్సిలును చెవి మీద పెట్టుకుని నా నోటుపుస్తకం అట్ట తిప్పి, పాత రోజుల్లో నేను రాసుకున్న ఆయన మాటను చూశారు. "ఇది సగమే. మిగతా సగం నాకే తెలియకుండా పాయ," అని, దాని కింద తన చేతితో రాశారు: "రాసినవాడే చదవకూడదు."

సంఖ్యల వరుస సరిచేయడానికి అరగంట పట్టలేదు. నేను పెట్టెను సారు చేతికివ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "నువ్వూ రా," అన్నారు.

ఇద్దరమూ ఆళ్లగడ్డ బస్సెక్కాము. దారిలో, "నేను ఏం చెప్పాలి సార్?" అని అడిగాను. "జరిగింది జరిగిన వరసలో," అన్నారు.

ఆచారి కొట్టం ముందు అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతుల్లో ఏ పనీ లేదు. మమ్మల్ని చూసి లేవలేదు.

"అన్నా," అని పిలిచి సారు ఆగారు. ఆచారి "ఏందీ?" అనేదాకా ఆగారు. అప్పుడు, "తప్పు నీ చెవిది కాదు. పెట్టెది. పెట్టెలో తప్పు ఈమెది. ఈమెకు సగమే నేర్పించిన తప్పు నాది," అన్నారు.

"అయితే రాయి పలకలేదంటావ్?"

"పలకలేదు. పలికింది పెట్టె."

ఆచారి నా వైపు తిరిగారు. ఇరవై అయిదు, యాభై రెండు ఉదాహరణ ఆయనకు కూడా చెప్పాను. ఆయన అంతా విని, "ఇంత చదువు చదివి కుడి ఎడమ తెలీకపాయనామ్మా? బండి తోలేటోనికి గూడా తెలుస్తాది, యా ఎద్దు ఎలపటో యాది దాపటో," అన్నారు. తలవంచుకుని అవునన్నాను. అంతకంటే మెత్తగా నన్ను మందలించినవాళ్లు లేరు.

తర్వాత ఆయన చెప్పింది మేము ఊహించనిది. "ఆ రాయిని నేను ఉట్టి చెవితో గూడా తడ్తి సారూ. పెట్టె పెట్టుకోకముందు. మొద్దుగా ఇనపడ్య. పెట్టె పెట్టుకుంటే గంట మాదిరి పలికె. ఇంత పెద్ద మిషను చెప్తాంటే నా చెవిదేముందిలే, అది పాయ అనుకుంటి."

"మొద్దుగా ఇనపడ్యనా?" అన్నారు సారు. "నువ్వు ఏం చెప్తివో తిరిగి చెప్పన్నా."

"మొద్దుగా ఇనపడ్యప్పా. ఎన్ని తూర్లు చెప్పాల?"

"అయితే నీ చెవి ఉండాది."

ఆచారి అరుగు మీది దుమ్మును అరచేత్తో ఒకసారి తుడిచారు. "ఉండాదా?" అన్నారు. కాసేపటికి లోపలికి చూసి, "ఒరే, ఆ గుడ్డమూట ఇట్ల తే," అని కొడుకును కేకేశారు.

విగ్రహం చేయించుకుంటున్న ఊరి పెద్దలతో విషయం చెప్పడానికి మేమిద్దరమూ వస్తామన్నాము. ఆచారి ఒప్పుకోలేదు. "పెట్టె మాట ఎత్తొద్దు. రాయి తీసుకున్నోన్ని నేను. నా పేరుతోనే పోనీ," అన్నారు. కొత్త రాయిని ఆయన ముందు ఉట్టి చెవితో తట్టారు. తర్వాత పెట్టెతో తట్టారు. రెండూ ఒకటే చెప్పాకే చెక్కడం మొదలుపెట్టారు. ఆ విగ్రహం ఇప్పుడు ఆ గుడిలో ఉంది.

సారు ఆయన దగ్గర ఒక్క మాట మాత్రం తీసుకున్నారు. ఏడాది పొడుగునా కొట్టంలో ఒక పగిలిన రాయి ఉండాలి. పెట్టెను వాడే ప్రతిసారీ ముందు దాన్ని తట్టి, మొద్దుగా పలుకుతోందో లేదో చూసుకోవాలి. ఆచారి పట్టింపు కనుక చాలాసేపు వాదన నడిచింది. "దేవుళ్లుండే తావులో పగిలింది పెట్టమంటావా? నీ మతంలో లేదు గానీ మా దాంట్లో ఉండాది సారూ," అన్నారాయన. "లోపల వద్దులేన్నా, బయట పెట్టు. కాళ్లు కడుక్కునే తావులో వేసుకో," అన్నారు సారు. ఆ రాయి నేటికీ కొళాయి కింద ఉంది. ఆ కొట్టంలోకి వెళ్లేవారందరూ దాని మీదే కాళ్లు కడుక్కుంటారు. అది లేకపోతే లోపలున్న మంచి రాళ్ల గురించి పెట్టె చెప్పే మాటకు విలువ లేదన్న సంగతి వారికి తెలియదు.

ఆ తర్వాత నేను ఏ కొత్త బోర్డు చేసినా సారు దగ్గరికి తీసుకుపోయేదాన్ని. ఆయన సంఖ్యలను తాను చదివేవారు కాదు. నన్ను చదవనిచ్చేవారు కాదు. వంటింట్లో ఉన్న భార్యను పిలిచేవారు. ఆమె ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, తెర మీద కనబడే అక్షరాలనూ అంకెలనూ ఒక్కొక్కటిగా పైకి చదివేవారు. నేను కాగితం మీద టిక్కులు పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఆమె మధ్యలో ఆగి, "వీటికి అర్థమేందీ?" అని అడిగారు.

"నీకెందుకు? ఉండేది ఉన్నట్టు చదువు," అన్నారు సారు.

"ముప్పై ఏండ్ల నుంచీ ఇదే మాట. అర్థం మాత్రం చెప్పడు," అని ఆమె నాతో అన్నారు. అయినా చివరిదాకా చదివారు. వెళ్తూ, "పప్పు మాడిందంటే అది గూడా ఉండేది ఉన్నట్టు తినాల," అన్నారు.

ఆమె లోపలికి వెళ్లాక సారు గొంతు తగ్గించి, "తెలిసినోళ్లు ఉండాల్సింది చదువుతారమ్మా. తెలియనోళ్లు ఉండేది చదువుతారు. అందుకే ఆమె," అన్నారు. ఆ మాట ఆమెతో కూడా చెప్పి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది. చెప్పమని అనలేకపోయాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో ఎదురు చెప్పడం లేదు. అది నా లోపమే.

చివరిసారి కలిసినప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు. నేను తెచ్చిన బోర్డు చూడటానికి కళ్లు సహకరించలేదు. కరెంటు ఇచ్చాను. ఇద్దరమూ రెండు నిమిషాలు ఊరుకున్నాము. ఆయన దుప్పటి మీద చేతులు కట్టుకున్నారు. భార్య సంఖ్యలు చదివారు. అన్నీ సరిపోయాయని చెప్పాను. "ఇంక పో," అన్నారు. ఆ మాటను ఎప్పుడూ అన్నట్టే అన్నారు.

ఖననమైన నెలన్నరకు సమాధి మీద బండ వేశారు. సారు నల్లరాయి వద్దన్నారట. ఇంటి గచ్చుకు పరిచే బేతంచెర్ల బండే చాలన్నారట. అక్షరాలు ఆచారే చెక్కారు. చర్చి వెనక స్థలంలో ఆ బండను రెండు కట్టె దిమ్మెల మీద ఆనించి ఉంచారు. ఆచారి, ఆయన కొడుకు, సారు భార్య, నేను, సున్నం కలుపుతున్న మేస్త్రీ. అంతే ఉన్నాము.

అక్షరాలను ఆచారి తాను చదవలేదు. కొడుకును చదవనివ్వలేదు. మేస్త్రీని పిలిచి, "ఏమప్పా, ఈడేముందో పైకి చదువు," అన్నారు. అతడు కూడబలుక్కుంటూ చదివాడు. చెక్కమన్నదే ఉంది.

తర్వాత ఆచారి సంచీలోంచి పెట్టె తీశారు. బయల్దేరేముందు కొళాయి కింది రాయిని తట్టి చూసుకునే వచ్చానని నాతో అన్నారు. బండ అంచుకు మైనంతో పలక అతికించారు. హెడ్‌ఫోనును తాను పెట్టుకోలేదు. నాకూ ఇవ్వలేదు. సారు భార్య దగ్గరికి వెళ్లి, "అమ్మా," అని పిలిచి ఆగారు. ఆమె "ఏందన్నా?" అన్నాక, "ఇది పెట్టుకో," అన్నారు.

ఆ పెట్టె ఆమె ఇంట్లోనే తయారైంది. దానిలో ఏం వినిపిస్తుందో ఆమె ఒక్కసారీ వినలేదు. కళ్లజోడు తీసి, కొంగు సర్దుకుని హెడ్‌ఫోను తగిలించుకున్నారు. "నేనేం చేయాలన్నా?" అన్నారు, చెవులు మూసుకున్నవాళ్ల గొంతుతో, కొంచెం పెద్దగా.

ఆచారి నోటితో చెప్పలేదు. తన చెయ్యి పైకెత్తి చూపించారు, మెల్లగా దించి చూపించారు. ఆమె ఆ రెండింటినీ తన చేత్తో తిరిగి చేసి చూపించారు. ఆచారి తల ఊపారు.

బండను ఒక్కసారి తట్టారు.

ఆమె చెయ్యి లేచింది. మేస్త్రీ పార ఆపాడు. మంచి బేతంచెర్ల బండ ఎంతసేపు పలుకుతుందో, పెట్టె సరిచేశాక సారు రాసిపెట్టిన కాగితాల్లో ఉంది. ఆ లెక్క నాకు కంఠతా వచ్చు. నేను లోపల లెక్కపెట్టాను. ఆ లెక్క పూర్తయింది, దాటింది. ఆచారి నా వైపు చూశారు. పెట్టెను మరోసారి సరిచూడాలా అన్నది ఆ చూపు. పెట్టె సరిగ్గానే ఉంది, ఆగనిది ఆమె వినడమే. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను.

చర్చి గోడ అవతల ఒక లారీ పోయింది. కొట్టాల వైపు కోత మిషను మొదలై ఆగింది. ఆమె కళ్లు బండ మీది అక్షరాల మీద ఉన్నాయి. చెయ్యి ఇంకా పైనే ఉంది.